ట్రౌట్‌కి ఒక్క మడుగు చాలదు

అమెరికాలోని మా పశ్చిమ విస్కాన్సిన్‌లో ఫలానా వాగులో చేపలు తగ్గాయని మాట రాగానే వినిపించే డిమాండ్ ఒకటే: హేచరీ (చేప పిల్లల్ని పెంచే కేంద్రం) నుంచి లారీ తెప్పించి, చల్లటి నీళ్లలో బతికే ట్రౌట్ చేప పిల్లల్ని వదలండి. గాలం వేసేవాళ్లు అడుగుతారు, చేపల కోసం వచ్చే టూరిస్టుల మీద బతికే మోటెల్ వాళ్లు అడుగుతారు, ఓట్లు కావాల్సినవాళ్లు సరేనంటారు. ఈ డిమాండ్ తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను. సహజంగా ట్రౌట్ బతికే వాగులో ట్రౌట్ తగ్గిందంటే, ఏడాదిలో ఏదో ఒక కాలంలో అది నిలవాల్సిన చోటు పాడై ఉంటుంది, లేదా ఆ చోటికి పోయే దారి మూసుకుపోయి ఉంటుంది. పైనుంచి ఇంకో వెయ్యి చేపలు పోసినంత మాత్రాన ఆ చోటు బాగవదు, ఆ దారి తెరుచుకోదు. డబ్బు పెట్టాల్సింది ఊటల మీద, వాలు పొలాల మీద, రోడ్ల కింది తూముల మీద.

ఇలా ఎందుకంటున్నానో చెప్పాలంటే ముందు ఈ నేల గురించి కొంచెం చెప్పాలి. విస్కాన్సిన్ నైరుతి భాగం, దాన్ని ఆనుకుని మిన్నెసోటా, ఐయోవా, ఇల్లినాయ్‌ల అంచులు కలిపి డ్రిఫ్ట్‌లెస్ అంటారు. చివరి మంచుయుగంలో చుట్టుపక్కల నేలంతా మంచు పలకల కింద నలిగి చదునైపోతే, ఈ ముక్క మాత్రం తప్పించుకుంది. అందుకే ఇక్కడ నిటారు కొండలు, ఇరుకు లోయలు మిగిలాయి. కొండల్లో సున్నపురాయి, ఇసుకరాయి పొరలున్నాయి. వాన నీరు ఆ పగుళ్లలోకి ఇంకి, చాలాకాలం లోపలే తిరిగి, కొండ పాదం దగ్గర ఊటగా బయటికొస్తుంది. ఆ నీళ్ల వేడి ఏడాది పొడవునా ఇంచుమించు 9, 10 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటుంది. జనవరిలో బయట మైనస్ 25 ఉన్న పొద్దున ఊట దగ్గరికెళ్లి చూడండి. నీళ్లు గడ్డకట్టవు, పైన ఆవిరి లేస్తుంటుంది, చుట్టూ మోకాలి లోతు మంచున్నా నీళ్లలో వాటర్‌క్రెస్ ఆకు పచ్చగా ఉంటుంది. ఆ ఆకుని కదిపితే గింజంత బూడిదరంగు రొయ్యలు చెల్లాచెదురుగా పరిగెడతాయి. ట్రౌట్‌కి చలికాలపు తిండి అదే.

జూలైలో ఇదే ఊట ట్రౌట్ ప్రాణం నిలబెడుతుంది. 10 డిగ్రీల నీరు లీటరుకి సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ని పట్టుకోగలదు. 25 డిగ్రీలకొస్తే అది 8కి కాస్త పైన ఆగిపోతుంది. నీరు వేడెక్కేకొద్దీ చేప ఒంటికి కావాల్సిన ఆక్సిజన్ మాత్రం పెరుగుతూ పోతుంది. రాబడి పడిపోయిన నెలలోనే ఖర్చు పెరిగిన సంసారం లాంటిది దాని పరిస్థితి. 20 డిగ్రీలు దాటాక బ్రౌన్ ట్రౌట్ మేత తగ్గించేస్తుంది. 25 దగ్గర కొన్ని రోజులు నిలిచిందంటే చచ్చిపోతుంది. ఇక్కడి స్థానిక జాతి బ్రూక్ ట్రౌట్ ఆ మాత్రం వేడికి కూడా ఓర్చుకోలేదు. (బ్రౌన్ ట్రౌట్ పరాయి చేప. 1883లో జర్మనీ నుంచి గుడ్లు తెప్పించారు, మరుసటి ఏడు మిషిగన్‌లోని బాల్డ్‌విన్ నదిలో పిల్లల్ని వదిలారు. అక్కడి నుంచి దేశమంతా పాకింది.)

అందుకే ఎండాకాలంలో ట్రౌట్ కదులుతుంది. కిందున్న పెద్ద నదిలో నీళ్లు వేడెక్కగానే పక్క వాగుల్లోకి ఎక్కుతుంది. వాగు కూడా వేడెక్కితే ఒడ్డు పక్క నుంచి ఊట నీరు చేరే మూల వెతుక్కుంటుంది. అలాంటి మూలలో చెయ్యి పెడితే తెలుస్తుంది, జానెడు దూరంలో నీళ్లు రెండు రకాలుగా ఉంటాయి. చేపలు ఆ చల్లటి పక్కనే ఒకదాని వెనక ఒకటి వరసగా నిలబడి ఉంటాయి. మనిషి నీడ పడినా అక్కడి నుంచి కదలడానికి ఇష్టపడవు. ఆ రోజుల్లో వాటికి గాలం వెయ్యడం నాకు నచ్చదు. పట్టి వదిలేస్తున్నాం కదా అనేవాళ్లతో ఈ విషయంలో నాకు గొడవే. వేడి నీళ్లలో పెనుగులాడి అలిసిన చేపని వదిలినా, తర్వాత చాలాసార్లు అది బతకదు.

చలికాలం కదలిక వేరు. ఊటకి దూరంగా ఉన్న వాగుల్లో, బాగా చలి పడిన రాత్రి నీళ్లలోనే సన్నటి మంచు పలుకులు పుడతాయి. అవి అడుగు రాళ్లకి అంటుకుని గడ్డకడతాయి, లోతు తక్కువున్న చోట చేపకి నిలవనీడ ఉండదు. అప్పుడు ట్రౌట్ లోతు మడుగుల్లోకి, చెట్టు వేళ్ల కిందికి, ఊట దగ్గరికి చేరుతుంది. తక్కువ కదిలి, ఒంట్లో ఉన్నదాన్ని పొదుపుగా వాడుకుంటుంది. ఎండాకాలంలో నాలుగు చోట్ల చెదిరి ఉన్న చేపలన్నీ జనవరిలో ఒక్క మడుగులో కనిపిస్తాయి. ఆ మడుగుని చూసి ఈ వాగు నిండా చేపలేననుకోవడం, ఆగస్టులో అదే మడుగు ఖాళీగా ఉంటే చేపలు చచ్చిపోయాయనుకోవడం, రెండూ పొరపాట్లే.

ఇక అసలు సంగతి శరత్కాలంలో ఉంది. అక్టోబరు, నవంబరు నెలల్లో బ్రౌన్, బ్రూక్ రెండూ గుడ్లు పెట్టడానికి ఎదురెక్కుతాయి. సన్నటి పై పాయల్లో, బఠాణీ గింజ నుంచి నిమ్మకాయ దాకా సైజున్న గులకరాళ్లు పరుచుకున్న చోటు వాటికి కావాలి. ఒడ్డున కదలకుండా నిలబడితే చూడొచ్చు. ఆడచేప పక్కకి ఒరిగి, తోకతో అడుగుని టపటపా కొడుతుంది. తోక రాయికి తగలదు, తోక లేపిన నీటి ఊపుకే రాళ్లు లేచి కాస్త కిందికి దొర్లుతాయి. వాటితో పాటు మట్టి, సన్న ఇసుక లేచి ప్రవాహంలో కొట్టుకుపోతాయి. అలా గుంట చేసి, గుడ్లు పెట్టి, మగచేప వాటి మీద పాలు వదిలాక, కొంచెం పైకి జరిగి మళ్లీ తవ్వుతుంది. ఈసారి లేచిన రాళ్లు వచ్చి గుడ్ల మీద కప్పుకుంటాయి. చుట్టూ పాచి పట్టి నల్లగా ఉన్న రాళ్ల మధ్య ఆ చోటు రెండు మూడు అడుగుల పొడవున కడిగినట్టు తెల్లగా కనిపిస్తుంది. ఒకసారి చూస్తే మళ్లీ ఎక్కడైనా గుర్తుపట్టేస్తారు. అప్పటి నుంచి ఏప్రిల్ దాకా దాని మీద కాలు పెట్టకూడదు.

గుడ్లు చలికాలమంతా ఆ రాళ్ల సందుల్లోనే ఉంటాయి. నీళ్లు ఎంత చల్లగా ఉంటే పొదగడం అంత ఆలస్యం. పొదిగాక కూడా పిల్లలు పొట్ట కింద పచ్చసొన సంచితో కొన్ని వారాలు రాళ్ల కిందే గడుపుతాయి. ఇన్ని నెలలూ వాటికి ఊపిరి రాళ్ల సందుల్లోంచి పారే నీళ్లే. ఆ సందులు పూడుకుపోతే లోపలున్నవి లోపలే చచ్చిపోతాయి. పైన వాగు అద్దంలా పారుతుంటుంది, మడుగులో పెద్ద చేపలు తిరుగుతుంటాయి, ఫొటోలు అందంగా వస్తాయి. అయినా ఆ ఏడు పుట్టిన పిల్లలుండవు. మూడేళ్ల తర్వాత చేపలు తగ్గాయని గగ్గోలు మొదలవుతుంది. అప్పుడు అందరూ మడుగు వైపు చూస్తారు. మూడేళ్ల కిందట పైన ఏ పొలంలోంచి మట్టి జారిందో వెతికేవాళ్లు తక్కువ.

వసంతంలో మంచు కరిగి, దానికి తోడు గట్టి వాన పడితే అప్పుడే రాళ్లలోంచి బయటికొచ్చిన పిల్లలు కొట్టుకుపోతాయి. అంగుళం పొడవు లేని పిల్ల వరదకేం తట్టుకుంటుంది? పెద్ద చేపలు మాత్రం ఏ వేళ్ల చాటునో, రాయి చాటునో దాక్కుని బయటపడతాయి.

మట్టి దగ్గరికొద్దాం, ఎందుకంటే ఈ నేల చరిత్రంతా దాన్లోనే ఉంది. 19వ శతాబ్దంలో వచ్చి స్థిరపడ్డ రైతులు నిటారు వాలుల్ని పై నుంచి కిందికి దున్నారు, కొండ నెత్తి మీద అడవిలో పశువుల్ని మేపారు. కొన్ని దశాబ్దాల్లో పైమట్టి లోయల్లోకి దిగిపోయింది. కొన్ని లోయల్లో పాత నేల మీద అడుగుల మందాన ఒండ్రు పేరుకుంది. ఇప్పటికీ వాగు ఒడ్డు కోసుకుపోయిన చోట గోడలా నిలబడ్డ మట్టిలో ఆ పొర కనిపిస్తుంది. కింద నల్లటి పాత నేల, దాని మీద మనిషెత్తు లేతరంగు మట్టి. ఆ మట్టి ఈ కొండల మీద పంట పండించిన మట్టే.

1933లో ఫెడరల్ ప్రభుత్వం కొత్తగా పెట్టిన సాయిల్ ఎరోజన్ సర్వీస్, హ్యూ హామండ్ బెన్నెట్ నాయకత్వంలో, దేశంలో మొదటి వాటర్‌షెడ్ ప్రాజెక్టుకి ఇక్కడి కూన్ వ్యాలీని ఎంచుకుంది. వన్యప్రాణి సంరక్షణ నిపుణుడు ఆల్డో లియోపోల్డ్ సలహాలిచ్చినవాళ్లలో ఒకరు. నాలుగు వందలకు పైగా రైతులు ఒప్పంద పత్రాల మీద సంతకాలు చేశారు. సివిలియన్ కన్జర్వేషన్ కోర్ (నిరుద్యోగ యువకులకి పని ఇచ్చిన ప్రభుత్వ పథకం) కుర్రాళ్లు కంచెలు వేశారు, చెట్లు నాటారు. వాలుకి అడ్డంగా ఒక పట్టీ మొక్కజొన్న, ఒక పట్టీ ఓట్స్, ఒక పట్టీ గడ్డి వెయ్యడం అలవాటు చేశారు. అనంతపురం వైపు కాంటూర్ గట్ల పని చూసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. పరిగెత్తే నీటిని నడిపించాలి, నడిచే నీటిని ఇంకించాలి. ఇక్కడా ఆ సూత్రమే.

ఫలితం ఒక్క ఏడాదిలో రాలేదు. ఆ లోయలో పారే వాగు కూన్ క్రీక్ మట్టి లెక్కల్ని దశాబ్దాల పాటు కొలిచిన స్టాన్లీ ట్రింబుల్ 1999లో సైన్స్ పత్రికలో ప్రచురించిన దాని ప్రకారం, 1975 నుంచి 1993 మధ్య లోయలో ఒండ్రు పేరుకునే వేగం 1930లలో ఉన్నదాంట్లో సుమారు 6 శాతానికి పడిపోయింది. కొండ మీద నీరు ఇంకడం పెరిగింది కాబట్టి ఊటలూ బలపడ్డాయి. వానల్లేని రోజుల్లో వాగులో పారే నీళ్లు పెరిగాయి, అది చల్లటి నీరు కూడా. ఒకప్పుడు ఏటేటా చేపలు తెచ్చి పోస్తే తప్ప ట్రౌట్ కనపడని వాగుల్లో ఇప్పుడు అవే గుడ్లు పెట్టి అవే పెరుగుతున్నాయి. కూన్ క్రీక్ పై పాయ అయిన టింబర్ కూలీ అనే వాగులో పుట్టి పెరిగిన బ్రౌన్ ట్రౌట్ సంతతినే తర్వాత రాష్ట్రంలోని వేరే వాగులకి విత్తన చేపలుగా వాడారు. హేచరీ చెయ్యలేని పని గడ్డి పట్టీలు చేశాయి. ఇంతకంటే గట్టి రుజువు నాకు తెలిసి ఇంకోటి లేదు.

ఉందనుకుంటే అది మోంటానాలో ఉంది. అక్కడ డిక్ వింసెంట్ అనే జీవశాస్త్రవేత్త మాడిసన్ నదిలో ఒక భాగంలో హేచరీ చేపలు వదలడం ఆపించి చూశాడు. ఓడెల్ క్రీక్‌లో కొత్తగా వదిలించి చూశాడు. ఆపిన చోట సహజంగా పుట్టిన ట్రౌట్ బాగా పెరిగింది, వదిలిన చోట తగ్గింది. కారణం ఊహించడం కష్టం కాదు. వాగులో ప్రతి మంచి చోటికీ ఓ యజమాని ఉంటుంది. ట్యాంకులో గుంపుగా పెరిగిన చేపలు ఒక్కసారిగా వచ్చి పడితే ఆ ఏర్పాటంతా చెదిరిపోతుంది. కొన్నాళ్లకి వచ్చిన చేపలూ మిగలవు, ఉన్నవీ నష్టపోతాయి. ఈ ఫలితాల మీద చాలా గొడవ జరిగాక 1974లో ఆ రాష్ట్రం సొంతంగా చేపలు పుట్టే నదుల్లో హేచరీ ట్రౌట్ వదలడం మానేసింది. గాలం వేసేవాళ్ల వ్యాపారం కూలిపోతుందని అప్పుడు భయపెట్టారు. ఇవాళ ట్రౌట్ కోసం ప్రపంచం నలుమూలల నుంచి జనం వెళ్లేది ఆ నదులకే.

ఊరి మధ్య చెరువులో, ఎండాకాలం ఎలాగూ ట్రౌట్ బతకని నీళ్లలో, పిల్లలు గాలం నేర్చుకోవడానికి వసంతంలో చేపలు వదిలితే నాకు అభ్యంతరం లేదు. నా అభ్యంతరమంతా బతికున్న వాగుకి ఆ మందు వెయ్యడం మీద. ఒడ్డు వాలుని సరిచేసి, కింద చెక్కలతో చేపలకి గూళ్లు కట్టే పనుల్ని కూడా నేను తీసిపారెయ్యను. ట్రౌట్ పట్టేవాళ్లు లైసెన్సుతో పాటు కొనే ట్రౌట్ స్టాంప్ డబ్బు చాలావరకు వెళ్లేది అలాంటి పనులకే, ఆ పది డాలర్లు నేను సంతోషంగా కడతాను. కానీ పైన ఊట ఎండిపోతే ఎంత మంచి గూడులోనైనా చేప ఉడికిపోతుంది.

ఇప్పుడు నాకు టెన్షన్ పుట్టించేది కొండ మీద జరుగుతున్న మార్పు. విస్కాన్సిన్‌లో 2004లో 15 వేలకు పైగా ఉన్న డెయిరీలు ఇప్పుడు 6 వేల లోపుకి వచ్చాయి. చిన్న డెయిరీ మూతపడితే దాని గడ్డి పొలమూ మేత బీడూ చాలాసార్లు మొక్కజొన్న, సోయా కింద మారతాయి. ఏడాదిలో సగం నెలలు నేల మీద ఏమీ ఉండదు. దానికి తోడు వానలు ముదిరాయి. 2018 ఆగస్టు చివర్లో ఒక్క రాత్రి కురిసిన వానకి కూన్ క్రీక్ పరీవాహకంలోనూ, కికాపూ నది పడమటి పాయ పరీవాహకంలోనూ వరద నియంత్రణకి కట్టిన ఐదు మట్టి కట్టలు తెగిపోయాయి. 1930ల తరం కష్టపడి నిలబెట్టిన నేలని మనం వదిలేసుకుంటున్నామేమోనని నా దిగులు. రైతుని తిట్టడం వల్ల ప్రయోజనం లేదు. పాల ధర గిట్టక ఆవుల్ని అమ్ముకున్నవాణ్ణి గడ్డి పెంచమంటే ఎందుకు పెంచుతాడు? హేచరీకి పోసే డబ్బులో కొంత అతను గడ్డి ఉంచినందుకు ఇస్తే పెంచుతాడు.

నా దిగుల్లో రెండోది చేపల దారి. మా వైపు ప్రతి లోయలోనూ రోడ్డు వాగుని నాలుగైదు చోట్ల దాటుతుంది. పాతకాలపు తూముల్లో చాలా వాటికి వాగు కంటే ఇరుకైన గొట్టం వేశారు. ఇరుకులో నీళ్లు జోరుగా దూకి, కింది పక్క నేలని కోసి గుంట చేస్తాయి. ఏళ్లు గడిచేసరికి గొట్టం మూతి నీటిమట్టానికి అడుగో రెండడుగులో పైన వేలాడుతుంది. అక్టోబరులో గుడ్లతో బరువెక్కిన చేప ఆ గుంటలో చేరి, ఎగురుతుంది, పడుతుంది, మళ్లీ ఎగురుతుంది. ఎక్కినా లోపల నున్నటి గొట్టంలో ఆగడానికి ఒక్క రాయి ఉండదు, జోరుకి వెనక్కి వచ్చేస్తుంది. తూముకి పైన మైలు దూరం మంచి గులకరాళ్లున్నాయి, చల్లటి ఊటలున్నాయి. దానికి అవి ఉన్నా లేనట్టే.

మాది గోదావరి జిల్లా కాబట్టి ఆ గుంట పక్కన నిలబడ్డప్పుడల్లా నాకు పులస గుర్తొస్తుంది. వరద రోజుల్లో ఎర్రనీరు సముద్రంలో కలవగానే అది గోదావరికి ఎదురెక్కుతుంది, ధవళేశ్వరం దగ్గర ఆగిపోతుంది. 1852లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి దాని నది అక్కడితో సరి. కాటన్ దొర మీద నాకున్న గౌరవం తగ్గదు, మా ఇంట్లో తరతరాలుగా తిన్న అన్నం ఆ కాలువ నీళ్లదే. కానీ పుస్తెలు అమ్మైనా పులస తినాలనే మనం, ఆ చేప ఏడాది పొడవునా ఎక్కడెక్కడ తిరుగుతుందో, దాని దారికి ఏం అడ్డొచ్చిందో ఎప్పుడైనా అడిగామా? ధర పెరిగిందని మాత్రం ఏటా మాట్లాడుకుంటాం. మృగశిర కార్తెకి తొలి వానలు పడగానే చెరువు చేపలు పంట కాలువల్లోకి ఎదురెక్కడం చూసి పెరిగినవాళ్లం మనం. చేప కదిలే ప్రాణి అని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

తూముల విషయంలో ఒక చిక్కుంది. బ్రూక్ ట్రౌట్ మిగిలిన కొన్ని పై పాయల్లో, కిందనున్న బ్రౌన్ ట్రౌట్‌ని పైకి రానివ్వకుండా ఆపుతున్నది వేలాడే గొట్టమే కావొచ్చు. అది తీసేస్తే బలమైన బ్రౌన్ ఎక్కి, చివరి బ్రూక్‌ని కూడా తోసేస్తుంది. అందుకని కనిపించిన ప్రతి అడ్డంకినీ కూలగొట్టమని నేను అనను. పైన ఏముందో, కింద ఏముందో సర్వే చేసి తేల్చాలి. అడ్డు ఉంచితే బ్రూక్ ట్రౌట్ చిన్న ముక్కలో చిక్కుకుపోతుంది, ఒక కరువుకో ఒక వరదకో మొత్తం పోతే కింది నుంచి వచ్చి నింపేవి ఉండవు. తీస్తే పోటీ వస్తుంది. ఒక్కో వాగుకి ఒక్కో జవాబు ఉంటుంది. దాన్ని జీవశాస్త్రవేత్తలు చేపలు లెక్కపెట్టి చెప్పాలి, రోడ్ల బడ్జెట్‌ని బట్టి తేల్చే పని కాదు.

వరదలకి పాడైన తూములు ఇప్పుడు ఒక్కొక్కటే మారుస్తున్నారు. పెట్టిన కొత్త తూము దశాబ్దాలు ఉంటుంది, అంటే ఇప్పుడు చేసిన తప్పు మన పిల్లల కాలం దాకా ఉంటుంది. ఇక్కడ స్థిరపడిన తెలుగువాళ్లలో ఇల్లు, పొలం కొనుక్కున్నవాళ్లున్నారు, వారాంతం వాగు ఒడ్డుకి వెళ్లేవాళ్లున్నారు. మీ కౌంటీ రోడ్ల కమిటీ మీటింగ్‌లో పౌరులకి మాట్లాడే సమయం ఉంటుంది, వెళ్లండి. అడగాల్సినవి పెద్దగా లేవు. కొత్త తూము వెడల్పు ఒడ్ల నిండా పారే వాగు వెడల్పు కంటే తక్కువ ఉండకూడదు. గొట్టం అడుగుని నేలలోకి దించి, లోపల వాగులో ఉన్నలాంటి రాళ్లే పరవాలి. మూతి దగ్గర నీటికి మెట్టు ఉండకూడదు. ఖర్చు ఎక్కువవుతుందని ఇంజనీరు అంటారు, నిజమే. ఇరుకు తూము ప్రతి పెద్ద వరదకీ రోడ్డుతో సహా కొట్టుకుపోతోంది, ఆ మరమ్మతుల ఖర్చు కూడా పక్కన రాసి చూపించమనండి.